క్లైంబింగ్ కోసం బరువులు ఎత్తడం: ఏది, ఎంత, ఎప్పుడు

"క్లైంబింగ్ మెరుగుపడాలంటే జిమ్‌లో ఏం చేయాలి?" అని గోడలు, బండలు ఎక్కే చాలామంది అడుగుతున్నారు. ఏ కసరత్తులు చేయాలో పేర్లు చెప్పడం తేలికే. వాటిని ఏ రోజు పెట్టాలి, ఎంత బరువుతో మొదలుపెట్టాలి, ఎక్కే రోజులు పాడవకుండా ఎలా ఇమడ్చాలి అన్నదే అసలు చిక్కు. అందుకే ఈ మార్గదర్శిలో కసరత్తుల కన్నా వారం అమరికకూ వేళ్ల పనికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఒక మాట ముందే చెప్పాలి. బరువులు క్లైంబింగ్‌కు తోడు మాత్రమే, దాని బదులు కావు. జిమ్ వల్ల గోడ మీద మీ ఆట తగ్గుతోందంటే, జిమ్‌లో ఎంత ఎత్తుతున్నా ఆ ప్లాన్ తప్పే.

1. ఇది మీకు ఇప్పుడు అవసరమా?

ఎక్కడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదా? అయితే మీకు ఎక్కువ లాభం ఎక్కడం వల్లే వస్తుంది. పాదం ఎక్కడ పెట్టాలి, నడుము ఎటు తిప్పాలి, ఎక్కడ చేతులకు విశ్రాంతి ఇవ్వాలి అన్నవి ఏ డంబెల్ కూడా నేర్పదు. మీరు ఇందులో 7, 9 భాగాల్లోని తేలిక కసరత్తులతో ఆగిపోండి. 8వ భాగంలోని వేళ్ల వ్రేలాటలు (సన్నని అంచును వేళ్లతో పట్టుకుని వేలాడటం) ఇప్పుడే వద్దు.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- వారానికి కనీసం 2 రోజులు క్రమం తప్పకుండా ఎక్కుతున్నాను.
- వేళ్లలో, మోచేతుల్లో, భుజాల్లో ఇప్పుడు నొప్పి లేదు. ఉంటే ముందు ఫిజియోథెరపిస్ట్‌ను కలుస్తాను.
- బీపీ, గుండె సమస్య, హెర్నియా లాంటివి ఉంటే డాక్టర్‌ను అడిగాను. భారీ బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం వల్ల బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.
- నేను ఇంకా ఎదిగే వయసులో లేను.

ఆ చివరిది చాలా ముఖ్యం. టీనేజీ పిల్లల వేలి ఎముకల్లో ఎదుగుదల జరిగే భాగం ఇంకా మెత్తగానే ఉంటుంది. క్రింప్ పట్టులతో (వేళ్లు మడిచి, కొసలతో సన్నని అంచు పట్టుకోవడం) పదే పదే భారం పడితే అక్కడ పగులు రావచ్చు. ఎదుగుదల పూర్తయ్యేదాకా పిల్లలు బరువు కట్టుకుని వేళ్లతో వేలాడకూడదు. సరైన పద్ధతి నేర్పి, పక్కనే పెద్దవాళ్లు ఉండి చూస్తే స్క్వాట్లు, పుష్-అప్‌లు, తేలిక బరువులు వాళ్లూ చేయొచ్చు.

2. ముందు మీ బలహీనత ఏమిటో కనిపెట్టండి

2 వారాల పాటు ఒక చిన్న నోట్‌బుక్ వెంట ఉంచుకోండి. గట్టి రూట్ (గోడ మీద ఎక్కే దారి) మీద పడిపోయిన ప్రతిసారీ కారణం ఒక్క ముక్కలో రాయండి:

- వేళ్లు తెరుచుకుపోయాయి
- హోల్డ్ (గోడ మీద పట్టుకునే చోటు) చేతిలోనే ఉంది, పైకి లాగలేకపోయాను
- ఓవర్‌హ్యాంగ్‌లో (మన వైపు వాలిన గోడ మీద) కాళ్లు గోడ నుంచి ఊడిపోయాయి
- కాలు ఎత్తులో పెట్టాను, దాని మీద లేవలేకపోయాను
- ముంజేతులు బిగుసుకుపోయాయి
- పాదం జారింది, లేదా తప్పు చోట పెట్టాను
- భయమేసింది

మొదటి నాలుగింటికి బరువులు సాయం చేస్తాయి. మొదటిది వేళ్ల బలం. రెండోది వీపు, చేతుల బలం. మూడోది నడుము, తొడల వెనక బలం. నాలుగోది ఒంటికాలి బలం. ముంజేతులు బిగుసుకోవడానికి గోడ మీదే ఆగకుండా ఎక్కువసేపు ఎక్కే సాధన కావాలి. చివరి రెండింటికి జిమ్‌లో మందు లేదు.

ఈ పని విసుగే, అయినా దాటేయకండి. చాలామంది "నాకు పుల్-అప్‌లు తక్కువ" అనుకుని నెలల తరబడి లాగుతూ ఉంటారు. తీరా నోట్‌బుక్ చూస్తే సగం సార్లు పాదమే జారి ఉంటుంది.

3. కావలసినవి

పుల్-అప్ బార్, నడుముకు బరువు కట్టుకునే బెల్టు, బార్‌బెల్ లేదా బరువైన డంబెళ్లు, రెసిస్టెన్స్ బ్యాండ్, 20 మిల్లీమీటర్ల లోతు అంచు ఉన్న హ్యాంగ్‌బోర్డ్ (వేళ్లతో వేలాడే పలక), స్టాప్‌వాచ్. ప్లేట్లలో 1 కిలో, అర కిలోవి కూడా ఉండాలి. వేళ్ల పనిలో బరువు పెంచేది ఆ చిన్న ప్లేట్లతోనే.

4. మొదటి కొలతలు

రెండు రోజులు పూర్తి విశ్రాంతి తీసుకుని, బాగా వార్మప్ చేసి కొలవండి.

పుల్-అప్: 5 సార్లు శుభ్రంగా లాగగలిగే గరిష్ఠ బరువు కనుక్కోండి. లెక్కలో శరీర బరువును కూడా కలపాలి. 62 కిలోల మనిషి 8 కిలోలు కట్టుకుంటే లాగేది 70 కిలోలు. 8 నుంచి 10కి పెంచితే "25 శాతం పెరిగింది" అనిపిస్తుంది గానీ, నిజానికి 70 నుంచి 72కి వెళ్లారు, అంటే 3 శాతం కూడా కాదు.

వేళ్లు: 20 మిల్లీమీటర్ల అంచు మీద, రెండు చేతులతో, 10 సెకన్లు ఆగగలిగే భారం ఎంతో చూడండి. శరీర బరువుతో ఆగలేకపోతే కుర్చీ మీద కాళ్లు ఆనించి కొంత బరువు తగ్గించుకోండి. అందులో తప్పు లేదు, చాలామంది అలాగే మొదలుపెడతారు.

డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేవడం): గరిష్ఠం కొలవొద్దు. వీపు వంగకుండా 5 సార్లు ఎత్తి, ఇంకో 3 సార్లు ఎత్తగలను అనిపించే బరువే మీ మొదటి అంకె.

5. వార్మప్: 15 నిమిషాలు

1. ఒళ్లు వెచ్చబడేదాకా 5 నిమిషాలు స్కిప్పింగ్ లేదా వేగంగా నడక.
2. భుజాలు, మణికట్లు, నడుము, తుంటి గుండ్రంగా తిప్పడం.
3. బ్యాండ్‌తో భుజాల కసరత్తు, 15 సార్లు.
4. బార్‌కు వేలాడి, మోచేతులు వంచకుండా భుజాలను మాత్రం కిందికి లాగడం, 8 సార్లు. దీన్ని స్కాప్యులర్ పుల్-అప్ అంటారు.
5. వేళ్ల పని ఉన్న రోజు పెద్ద హోల్డ్‌ల మీద తేలిక రూట్లు, ఆ తర్వాత అంచు మీద కాళ్లు ఆనించి 10 సెకన్లు. 4, 5 సార్లు చేస్తూ ప్రతిసారీ భారం కొంచెం పెంచండి.

వేళ్లు చల్లగా ఉండగా గట్టి అంచు పట్టుకోవద్దు. టైమ్ లేకపోతే ఆ రోజు అసలు పనిలో కోత పెట్టుకోండి, వార్మప్‌లో మాత్రం వద్దు.

6. వారం అమరిక

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ఏడాది వారానికి 4 రోజులు ఎక్కుతూ, మరో 3 రోజులు బరువు కట్టి పుల్-అప్‌లు పెట్టాను. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఆరో వారానికి మోచేయి లోపలి వైపు నొప్పి మొదలైంది. నీళ్ల బాటిల్ మూత తిప్పాలన్నా బాధే. తగ్గడానికి 4 నెలలు పట్టింది. కసరత్తులో లోపం లేదు, బరువు కూడా ఎక్కువ కాదు. కొత్త పని చేర్చినప్పుడు పాతదాంట్లోంచి ఏదీ తీయకపోవడమే నేను చేసిన తప్పు.

కాబట్టి మొదటి నియమం: ఒక గంట బరువులు చేర్చితే, ఎక్కే సమయంలోంచి కొంత తీయండి. గట్టి రోజుల నుంచి కాదు, ఊరికే అలసటగా ఎక్కే రోజుల నుంచి తీయండి.

రెండో నియమం: గట్టి పనులన్నీ ఒకే రోజున పెట్టి, విశ్రాంతి రోజును పూర్తిగా విశ్రాంతికే వదిలేయండి. గట్టి పని రోజూ కొంచెం కొంచెం చేస్తే వేళ్ల టెండన్లకూ (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), పుల్లీలకూ (ఆ తాళ్లను ఎముకకు పట్టి ఉంచే పట్టీలు) కోలుకునే సమయం చాలదు. రెండు గట్టి వేళ్ల సెషన్ల మధ్య కనీసం 48 గంటలు ఉండాలి. గోడ మీద క్రింప్‌లు పట్టుకున్నా అది వేళ్ల సెషనే అని మరిచిపోవద్దు.

వారానికి 3 రోజులు ఎక్కేవాళ్లకు నేను సూచించే అమరిక ఇది:

- సోమవారం: విశ్రాంతి
- మంగళవారం: గంటన్నర గట్టి బౌల్డరింగ్ (తాడు లేకుండా తక్కువ ఎత్తు గోడలు ఎక్కడం). వెంటనే లేదా సాయంత్రం పుల్-అప్, డెడ్‌లిఫ్ట్
- బుధవారం: విశ్రాంతి, నడక
- గురువారం: వేళ్ల వ్రేలాటలు, తర్వాత పాదాల మీద దృష్టి పెట్టి తేలిక రూట్లు, చివర్లో పుష్, ఒంటికాలి కసరత్తులు
- శుక్రవారం: పూర్తి విశ్రాంతి
- శనివారం: మీకు ముఖ్యమైన రూట్ల మీద ప్రయత్నం. బరువులు లేవు
- ఆదివారం: 9వ భాగంలోని తేలిక పని, 20 నిమిషాలు

ఒకే రోజులో వరుస ఇలా ఉండాలి: వార్మప్, వేళ్లు, ఎక్కడం, భారీ బరువులు, చివరికి పొట్ట, నడుము కసరత్తులు. వేళ్లు తాజాగా ఉండాలి కాబట్టి వాటి పని ముందు. డెడ్‌లిఫ్ట్ చేశాక ఎక్కితే కాళ్లు, వీపు అలిసిపోయి పద్ధతి చెడుతుంది, అందుకే అది తర్వాత.

7. ప్రధాన కసరత్తులు

క్లైంబర్‌కు కావలసింది బలం. కండ పరిమాణం కాదు. అందుకే బరువు ఎక్కువ, రెప్‌లు (ఒక సెట్‌లో ఎన్నిసార్లు చేస్తామో ఆ లెక్క) తక్కువ, విశ్రాంతి పొడవు. సెట్ల మధ్య 3 నిమిషాలు కూర్చోండి. ఆ 3 నిమిషాలు వృథా అనిపించి తొందరపడితే బలం పని కాస్తా ఓపిక పని అయిపోతుంది. ఓపిక గోడ మీద ఎలాగూ వస్తుంది. ప్రతి సెట్ చివర ఇంకో 1, 2 రెప్‌లు చేయగలను అనిపించేటప్పుడే ఆపండి.

పుల్-అప్ – 4 సెట్లు, 4 నుంచి 5 రెప్‌లు
చేతులు పూర్తిగా చాచిన చోట నుంచి మొదలుపెట్టండి, కానీ భుజాలను చెవుల దాకా వదిలేయకండి. ముందు భుజాలు కిందికి, తర్వాత మోచేతులు పక్కటెముకల వైపు. కాళ్లు ఊపొద్దు. ఒక్కటి కూడా రాకపోతే స్టూల్ ఎక్కి గడ్డం బార్ పైన ఉంచి, 5 సెకన్ల పాటు మెల్లగా దిగండి. వారానికి రెండుసార్లు, 5 చొప్పున 3 సెట్లు చేస్తూ ఉంటే కొన్ని వారాల్లో తొలి పుల్-అప్ వస్తుంది.

డెడ్‌లిఫ్ట్ – 3 సెట్లు, 5 రెప్‌లు
నేల మీది బరువుకీ గోడకీ ఏం సంబంధం అని చాలామందికి సందేహం. ఓవర్‌హ్యాంగ్‌లో పాదాన్ని గోడకు అంటిపెట్టి ఉంచేది, హీల్ హుక్‌లో మడమతో లాగేది తొడల వెనక కండరాలు, పిరుదులు, నడుమే. డెడ్‌లిఫ్ట్ వాటన్నింటినీ కలిపి పని చేయిస్తుంది. బార్ కాలి ముందు ఎముకకు ఆనుకునేంత దగ్గరగా ఉంచండి. ఊపిరి పీల్చి పొట్ట బిగించండి. చేతులతో గుంజకుండా, నేలను కాళ్లతో కిందికి తోస్తున్నట్టు లేవండి. నడుము గుండ్రంగా అయిన క్షణంలోనే ఆ సెట్ అయిపోయినట్టు. శరీర బరువుకు ఒకటిన్నర రెట్లు 5 సార్లు ఎత్తగలిగితే క్లైంబర్‌కు అది చాలు అని నా అభిప్రాయం. అక్కడి నుంచి పెంచడం కన్నా ఆ శక్తిని గోడ మీద పెట్టడం మేలు.

పుష్: డంబెల్ ప్రెస్ లేదా పుష్-అప్ – 3 సెట్లు, 6 నుంచి 8 రెప్‌లు
అంచు మీదికి అరచేతులతో తోసుకుని లేచే మ్యాంటిల్ కదలికకు ఈ బలమే కావాలి. ఎప్పుడూ లాగుతూనే ఉండే భుజాలకు ఇది సమతూకం కూడా.

ఒంటికాలి స్టెప్-అప్ – కాలికి 3 సెట్లు, 6 రెప్‌లు
మోకాలి ఎత్తు బల్ల మీద ఒక కాలు పెట్టి లేవండి. కింది కాలితో నేలను తన్నుకుని లేస్తే లాభం లేదు. కింది పాదం వేళ్లను పైకెత్తి ఉంచితే ఆ మోసం జరగదు.

వేలాడుతూ కాళ్లు ఎత్తడం – 3 సెట్లు, 6 నుంచి 8 రెప్‌లు
మోకాళ్లు వంచి మొదలుపెట్టి, తర్వాత నిటారు కాళ్లతో. దిగేటప్పుడు 3 సెకన్లు పట్టాలి. గంటల తరబడి ప్లాంక్ పట్టడం కన్నా ఇది గోడకు దగ్గర.

8. వేళ్లు: అన్నింటికన్నా నెమ్మదిగా

వేళ్లను ముడిచే కండరాలు వేళ్లలో ఉండవు. అవి ముంజేతిలో ఉంటాయి, పొడవాటి టెండన్లతో వేళ్లను లాగుతాయి. ఆ టెండన్లు ఎముక నుంచి పైకి లేవకుండా పట్టి ఉంచే ఉంగరాల్లాంటి పట్టీలను పుల్లీలు అంటారు. క్లైంబర్లలో తరచూ తెగేది వేలి మొదట్లో ఉండే ఏ2 పుల్లీ, అదీ ఎక్కువగా ఉంగరపు వేలిది.

కండరం వారాల్లో బలపడుతుంది. టెండన్లకూ పుల్లీలకూ నెలలు పడుతుంది. "చేతిలో బలం ఉంది, ఇంకా వేస్తాను" అనిపించే రోజునే పుల్లీ వెనకబడి ఉంటుంది. వేళ్ల దగ్గర మీ ఉత్సాహాన్ని నమ్మకండి, రాసుకున్న అంకెను నమ్మండి.

పట్టు: హాఫ్ క్రింప్. వేలి నడిమి కీలు దాదాపు 90 డిగ్రీలు వంగి ఉండాలి, బొటనవేలు చూపుడు వేలి మీదికి ఎక్కకూడదు. బొటనవేలితో తాళం వేసే పూర్తి క్రింప్‌లో పుల్లీల మీద భారం చాలా ఎక్కువ, సాధనలో అది వద్దు. రెండో పట్టుగా వేళ్లు చాచి ఉంచే ఓపెన్ హ్యాండ్ చేయొచ్చు.

పద్ధతి:

1. సుమారు 13 సెకన్లు ఆగగలిగే భారం ఎంచుకోండి.
2. ఆ భారంతో 10 సెకన్లే వేలాడండి. మోచేతులు కొద్దిగా వంచి, భుజాలు బిగించి.
3. 3 నిమిషాలు పూర్తి విశ్రాంతి.
4. ఇలా 4 నుంచి 5 సార్లు.
5. వేళ్లు తెరుచుకోవడం మొదలైతే సెకన్లు పూర్తికాకపోయినా దిగిపోండి.

దూకి పట్టుకోవద్దు, దూకి దిగొద్దు. స్టూల్ మీద నిలబడి మెల్లగా భారం వేయండి, మెల్లగా తీయండి.

వేళ్ల పని మొదలుపెట్టాక మొదటి నెల గురువారం మాత్రమే చేయండి. వేళ్లు హాయిగా ఉంటే రెండో నెలలో మంగళవారం బౌల్డరింగ్‌కు ముందు 3 సార్లు చేర్చండి. భారం 2 వారాలకోసారి 1 కిలో మించి పెంచొద్దు.

భుజాలు సరిగా లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. అంచు ఉన్న చిన్న చెక్క దిమ్మకు తాడు కట్టి, దాన్ని బరువుకు తగిలించి, నిలబడి ఒక్క చేత్తో నేల మీది నుంచి ఎత్తి 10 సెకన్లు పట్టుకోవాలి. బరువు కచ్చితంగా తెలుస్తుంది, కుడి ఎడమ తేడా బయటపడుతుంది. నాకు ఇప్పుడు ఇదే ఎక్కువ ఇష్టం.

క్యాంపస్ బోర్డు (వరుసగా సన్నని పట్టీలు బిగించిన వాలు పలక) మీద కాళ్లు లేకుండా ఎగరడం ఈ మార్గదర్శి పరిధిలోకి రాదు. ఏళ్ల తరబడి వేళ్లు గట్టిపడ్డాకే అటు చూడండి.

9. మోచేతులు, భుజాలు కాపాడే చిన్న పని

బరువు తక్కువ, రెప్‌లు ఎక్కువ, ఆయాసం ఉండదు. అందుకే అందరూ మానేస్తారు.

- మణికట్టు పైకి: ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, 2 కిలోల డంబెల్‌తో మణికట్టు ఎత్తి దించడం. 15 సార్లు, 2 సెట్లు.
- మెల్లగా దించడం: అరచేయి పైకి. రెండో చేత్తో డంబెల్ ఎత్తి, సాధన చేసే చేత్తో 4 సెకన్లు దించడం. 15 సార్లు, 2 సెట్లు. మోచేయి లోపలి నొప్పి వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది.
- భుజం బయటికి తిప్పడం: మోచేయి నడుముకు ఆనించి బ్యాండ్‌ను బయటికి లాగడం. 15 సార్లు, 2 సెట్లు.
- ఫేస్ పుల్: బ్యాండ్‌ను ముఖం వైపు లాగి వీపు రెక్కలు దగ్గరికి తేవడం. 15 సార్లు, 2 సెట్లు.

10. బరువు ఎప్పుడు పెంచాలి?

అన్ని సెట్లూ, అన్ని రెప్‌లూ రెండు సెషన్లు వరుసగా శుభ్రంగా వస్తే పెంచండి. పుల్-అప్‌కు 1 నుంచి 2 కిలోలు, డెడ్‌లిఫ్ట్‌కు 5 కిలోలు. 3 వారాలు ఇలా సాగాక నాలుగో వారం సెట్లు సగానికి తగ్గించండి, బరువు అలాగే ఉంచండి. బాగా సాగుతున్నప్పుడు ఈ వారం ఆపబుద్ధి కాదు, అయినా ఆపండి.

ముఖ్యమైన ట్రిప్ లేదా పోటీ ఉంటే 10 రోజుల ముందే డెడ్‌లిఫ్ట్, స్టెప్-అప్‌లు మానేయండి. పుల్-అప్ వారానికి 2 సెట్లు చాలు.

తిండి గురించి ఒక్క మాట. బరువు తగ్గితే తేలిగ్గా ఎక్కుతామని కడుపు మాడ్చుకుని ఈ సాధన చేయొద్దు. తినకుండా బలం పెరగదు, గాయాలు మానవు, ఎముకలు కూడా బలహీనపడతాయి. రోజుకు శరీర బరువులో కిలోకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్, 8 గంటల నిద్ర పెట్టుకోండి. కిడ్నీ సమస్య ఉంటే ప్రోటీన్ లెక్క డాక్టర్‌ను అడగండి.

11. తరచూ చేసే తప్పులు, సవరణలు

ప్రతి సెట్ చేతులు ఎత్తేసేదాకా చేయడం. మరుసటి రెండు రోజులు గోడ మీద ఏమీ రాదు. సవరణ: 1, 2 రెప్‌లు మిగల్చండి.

మొదటి నెలలో క్లైంబింగ్ తగ్గిందని భయపడి మానేయడం. కొత్త పనికి ఒళ్లు అలవాటు పడేటప్పుడు 2, 3 వారాలు కొంచెం బరువుగా అనిపించడం మామూలే. ఐదో వారానికి కూడా అలాగే ఉంటే మూడో వంతు సెట్లు తీసేయండి.

కండ పెరిగి బరువెక్కిపోతానని భయం. తక్కువ రెప్‌లు, పొడవు విశ్రాంతి, వారానికి రెండే రోజులు. ఈ పద్ధతిలో బలం పెరిగినంతగా బరువు పెరగదు. ఒకటి రెండు కిలోలు పెరిగినా టెన్షన్ వద్దు, లాగే బలం అంతకన్నా ఎక్కువ పెరిగిందా అని నోట్‌బుక్‌లో చూడండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం. మొదటి 2 వారాలు పుల్-అప్, పుష్, 9వ భాగం. తర్వాతి 2 వారాలకు డెడ్‌లిఫ్ట్, స్టెప్-అప్. ఆ పైన వేళ్లు. ఇలా చేర్చితే ఏదైనా నొప్పి వచ్చినప్పుడు దేని వల్లో తెలుస్తుంది.

12. వెంటనే ఆపాల్సిన సూచనలు

- వేలిలో "టప్" మని శబ్దం, వేలి మొదట్లో నొప్పి, వాపు: ఆ రోజుకు అంతా ఆపి డాక్టర్‌ను కలవండి. "చూద్దాం" అని ఇంకో ప్రయత్నం చేయొద్దు.
- పొద్దున లేచాక వేలి నడిమి కీలు బిగుసుకుని ఉండటం: వేళ్ల వ్రేలాటలు 2 వారాలు ఆపి, పెద్ద హోల్డ్‌లకు మారండి. తగ్గకపోతే చూపించుకోండి.
- టీనేజీ క్లైంబర్‌కు నడిమి కీలు పైవైపు నొప్పి: ఎదిగే ఎముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు. ఎముకల డాక్టర్ చూసేదాకా ఎక్కనివ్వకండి.
- చేతిలో తిమ్మిరి, మొద్దుబారడం, లేదా నడుము నుంచి కాలిలోకి దిగే నొప్పి: బరువులు ఆపి డాక్టర్ దగ్గరికి.
- మోచేతి నొప్పి వార్మప్‌తో పోయి, మర్నాడు తిరిగి వస్తోంది: పుల్-అప్ సెట్లు సగం చేయండి, 9వ భాగంలోని మెల్లగా దించే కసరత్తు రోజు విడిచి రోజు చేయండి. 3 వారాల్లో మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్ట్‌ను కలవండి. వెళ్లేటప్పుడు మీ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి, ఏ వారంలో ఏం పెంచారో వాళ్లు మొదట అడిగేది అదే.